మూడు తరాల కుబుసం

పాలప్యాకెట్ల కోసం లేచిన తన్మయి, పాముల గది పక్కనుంచి పోతూ అలవాటుగా అద్దంలోకి తొంగిచూసి అక్కడే ఆగిపోయింది. పాపిడి కనేసింది!

పాపిడి అంటే ఎవరో ఆడమనిషి అనుకునేరు. ఏడడుగుల బోవా పాము. కాకినాడలో పాములు పెంచేవాళ్లలో దాని పేరు తెలియనివాళ్లు లేరు. మామూలు బోవాకి వీపు పొడుగునా ముదురు గోధుమరంగు మచ్చలు, గుర్రం జీనులు వరసగా పరిచినట్టు ఉంటాయి. దీనికి ఆ మచ్చల్లేవు. మెడ దగ్గర మొదలై తోక దాకా దువ్వెనతో తీసినట్టు తిన్నగా ఒకటే తెల్లటి గీత. ఆ గీత చూసే తన్మయి అక్క కనకదుర్గ దానికి ఆ పేరు పెట్టింది.

బోవాలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. అద్దాల గూడు నిండా తడితడిగా, మూరెడేసి పిల్లలు ఒకదాని మీదొకటి పాకుతున్నాయి. కొన్ని ఇంకా పలచని పొరల్లోంచి ముక్కులు బయటపెట్టి, లోకం ఎలా ఉందోనని నాలుకలు ఆడిస్తున్నాయి. తన్మయికి సంతోషం పట్టలేదు. అక్క ఉంటే ఎంత గోల చేసేదో! కానీ అక్క నిన్ననే అన్నవరం వెళ్లింది, సత్యనారాయణ వ్రతం చేయించుకోవాలని. పాపిడికి నెలలు నిండాయి, ఇప్పుడా ప్రయాణం అంటే, "మొక్కు మొక్కేనే, వాయిదాలు కుదరవు" అంది.

తన్మయి చేతులు కడుక్కొచ్చి ఒక్కో పిల్లనీ దీపం కింద పెట్టి చూడడం మొదలుపెట్టింది. మొదటిదానికి గీత లేదు, వీపంతా జీనులే. రెండోదానికీ అంతే. పోనీలే, సగమే కదా రావలసింది అనుకుంది. పదో పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె మొహంలో నవ్వు మాయమైంది. ఆఖరిదాన్ని డబ్బాలో వేసి, నమ్మకం కుదరక, అన్నిటినీ మళ్లీ మొదటినుంచి చూసింది. ఇరవై పైచిలుకు పిల్లల్లో ఒక్కదానికంటే ఒక్కదానికి పాపిడి లేదు.

ఇలా జరగడానికి వీల్లేదు. పాపిడి వాళ్ల అమ్మమ్మకి ఆ గీత ఉంది, అమ్మకి ఉంది, పాపిడికి ఉంది. వరసగా మూడు తరాలు దిగిన లక్షణం నాలుగో తరంలో అటూ ఇటూగా సగం పిల్లలకి రావాలి. కాస్త తగ్గొచ్చు, కాస్త హెచ్చొచ్చు. అసలు లేకుండా పోవడం అంటే, నాణెం ఇరవైసార్లు ఎగరేస్తే ఇరవైసార్లూ బొరుసే పడినట్టు.

మరి ఆ మూడు తరాల్నీ కళ్లారా చూసిందెవరు? తన్మయి ఎరిగింది పాపిడిని ఒక్కదాన్నే. అమ్మమ్మా, అమ్మా తను బెంగళూరులో చదువుతున్నప్పుడే చచ్చిపోయాయని అక్క చెప్పింది. తను చూసింది వాటి కుబుసాలు మాత్రమే.

పాములు పెంచుకోవడమేమిటని పెద్దవాళ్లు ముక్కున వేలేసుకుంటారు గానీ, అపార్టుమెంట్లలో కుక్క మొరిగితే జరిమానా అన్నప్పటినుంచీ జనానికి బోవాలే దిక్కయ్యాయి. మొరగదు, గోడలు గీకదు, పదిహేను రోజులకోసారి ఓ ఎలకని పడేస్తే మన జోలికి రాదు. ఇక పెంపకందార్ల పిచ్చి వేరు. మచ్చలు కాస్త తేడాగా ఉన్న పిల్ల ఎక్కడ పుట్టినా వాళ్లకి నిద్ర పట్టదు. ఇది వంశంలో ఉన్నదా, గాలివాటంగా వచ్చిందా? కడుపుతో ఉన్న బోవాకి నాలుగు రోజులు చలి తగిలినా చాలు, పిల్లల మచ్చలు అడ్డదిడ్డంగా తిరిగిపోతాయి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేల్చుకోవాలంటే ఆ పిల్ల పెరిగి పెద్దదై మళ్లీ కనాలి. ఏళ్ల తరబడి పని.

అందుకని కాకినాడ పెంపకందార్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. కొత్త రకానికి పేరు పెట్టాలంటే మూడు తరాల కుబుసాలు తెచ్చి సంఘం ముందు పరవాలి. పాము చచ్చిపోయినా కుబుసం ఉంటుంది కదా, అదే సాక్ష్యం. మూడింటి మీదా ఆ గుర్తు ఉంటే బారసాల చేస్తారు. నిజం బారసాలే! ఊయల కట్టి, పాముని పడుకోబెట్టి, పాట పాడి, శనగలు పంచుతారు. పాపిడికి అలాగే జరిగింది. ఆ ఫొటోలో కనకదుర్గ పట్టుచీర కట్టుకుని, ఊయల తాడు పట్టుకుని, లోకాన్ని గెలిచినట్టు నవ్వుతూ ఉంటుంది.

తన్మయి బెంగళూరు నుంచి తిరిగొచ్చి మేడ మీది గదిలో ఆ యంత్రం కట్టింది. దానికి ఆనవాలు అని పేరు. కడుపులో పిల్ల తయారయ్యేటప్పుడు రంగు కణాలు వెన్ను దగ్గర పుట్టి పొట్టకేసి జారుతాయి. ఏది ఎక్కడ ఆగితే అక్కడ మచ్చ. అవి వంశం చెప్పిన దారినే నడిచాయా, లేక మధ్యలో చలో వేడో దారి తప్పించిందా అన్నది వాటి అడుగుజాడల్లో ఉంటుంది. ఆ జాడల్ని చర్మపు పొరలోంచి చదవడమే ఆనవాలు పని. చదివి రెండే మాటల్లో ఒకటి చూపిస్తుంది: 'వంశం', లేదా 'యాదృచ్ఛికం'.

అయితే ఏ యంత్రానికైనా అక్షరాలు దిద్దించాలి కదా. వంశపు నడక ఇలా ఉంటుందని ముందు ఒక ఒరవడి చూపించాలి. అప్పుడు అక్కే ఆ మూడు కుబుసాలూ తెచ్చి చెల్లెలి ఒళ్లో పెట్టింది. "ఇంతకంటే నిఖార్సయిన వంశం నీకెక్కడ దొరుకుతుందే?" అంది. మిగతా పెంపకందార్లు ఇచ్చిన ప్రతి కుబుసాన్నీ తన్మయి అనుమానంగా చూసింది. ఎవరిది, ఎప్పటిది, ఏ పాముదని సవాలక్ష అడిగింది. కొందరివైతే వేరువేరు పాములవో కావోనని జన్యుపరీక్షకి కూడా పంపించింది. అక్క ఇచ్చినవాటిని మాత్రం వీపు మీది పట్టీ కత్తిరించి సరాసరి యంత్రంలో పెట్టేసింది. అమ్మ పోయాక ఏడేళ్ల పిల్లని చంకనెత్తుకుని పెంచిన అక్క. జడలు వేసిన అక్క, బడికి పంపిన అక్క, బెంగళూరు వెళ్లే రోజున రైలు కదిలేదాకా కిటికీ ఊచలు వదలని అక్క. ఆవిడ ఇచ్చినదాన్ని పరీక్షించడమేమిటి, ఛీ!

తన్మయి మెట్లెక్కి యంత్రం గదిలోకి వెళ్లింది. బీరువాలోంచి ఆ మూడు కుబుసాలూ తీసింది. అమ్మమ్మది బాగా పెద్దది, అమ్మది నడితరం, పాపిడి పిల్లప్పటిది చిన్నది. వీపు పట్టీలు పోగా మిగిలిన పొట్టవైపు తోళ్లు మడతల్లోనే ఉన్నాయి. అన్నేళ్లుగా వాటిని ఎవరూ విప్పలేదు. తడిగుడ్డతో మెత్తబరిచి, మడతలు విప్పి, బల్ల మీద పక్కపక్కన పరిచింది.

చిన్నదాని తోకకి కాస్త పైన, పొట్ట మీద, ఒక పొలుసు ముడుచుకుపోయి ఉంది. కాలిన మచ్చ. పిల్లగా ఉన్నప్పుడు, గూట్లో వెచ్చదనానికి పెట్టే వేడిపలక మరీ కాగితే ఇలా కాలుతుంది. తన్మయి చూపు నడితరపుదాని మీదికి పోయింది. అక్కడే, అదే పొలుసు, అలాగే ముడుచుకుని ఉంది. పెద్దదాని మీదా ఉంది. కిందికి పరిగెత్తి, నీరసంగా పడుకున్న పాపిడిని మెల్లగా తిప్పి చూసింది. దాని పొట్ట మీదా ఉంది.

వాత ఎక్కడైనా వంశంలో దిగుతుందా?

ఒకే పాము. పిల్లప్పుడు విడిచిన కుబుసం, ఏడాది దాటాక విడిచింది, పెద్దయ్యాక విడిచింది. పాము పెరిగే కొద్దీ కుబుసం పెద్దదవుతుంది. మూడు సైజులు తీసి మూడు తరాలని చూపించేసింది! ఊరంతా ఆ ఒక్క పామునే అమ్మమ్మగా, అమ్మగా, మనవరాలుగా చూసి శనగలు తినిపోయింది. తన్మయికి ఒక్క క్షణం నవ్వొచ్చింది. ఆ వెంటనే, ఇదే ఒరవడితో యంత్రం ఏం నేర్చుకుందో తట్టింది.

ఒకే ఒంటి మీద గుర్తు పుట్టినప్పటినుంచి మారదు. అది వంశం వల్ల వచ్చినదైనా సరే, కడుపులో చలి తగిలి వచ్చినదైనా సరే. ఆ మూడు కుబుసాల్నీ చూసిన యంత్రం, పుట్టుకతో వచ్చిన ప్రతి గుర్తునీ వంశమే అనుకోవడం నేర్చుకుంది. తెలిసిన రకాలన్నిటినీ సరిగ్గా చెప్పింది, ఎందుకంటే అవి నిజంగానే వంశాలు. దెబ్బల మచ్చల్ని యాదృచ్ఛికం అంది, అదీ సరైనదే. కడుపులో దారి తప్పిన గుర్తుని మాత్రం అది ఒక్కసారీ పట్టుకోలేదు. పరీక్షిద్దామంటే అలాంటిదని నిక్కచ్చిగా తెలిసిన పాము ఎవరి దగ్గరా లేదాయె. ఉన్న ఒక్కటీ పాపిడే.

పాముల దగ్గరే ఆగి ఉంటే ఇంత బాధ లేదు. మనుషుల ఒంట్లోనూ రంగు కణాలు నడిచే తీరు అదే కావడంతో, ఆనవాలు ఇప్పుడు ఆసుపత్రుల్లో ఉంది. ఒంటి మీద మచ్చలతో పుట్టిన పసివాళ్లకి ఆ జబ్బు తల్లిదండ్రుల నుంచి వచ్చిందో, ఊరికే వచ్చిందో చెబుతోంది. ఆ యంత్రం ముందు కూర్చున్న మొదటి తల్లి ఎవరో కాదు, తన్మయి సొంత వదిన సాహితి.

అన్నయ్య శ్రీకర్ కూతురు బుజ్జమ్మ ఒంటి మీద తెల్లటి చారలతో పుట్టింది, సుడులు సుడులుగా. ఆ తరవాత మూర్ఛలు మొదలయ్యాయి. పెద్ద డాక్టరు ఒకాయన, "ఇలాంటివి చాలామందిలో కడుపులో జరిగే పొరపాట్లేనమ్మా, అరుదుగా వంశంలో ఉంటాయి, తేల్చి చెప్పే పరీక్ష మాత్రం లేదు" అన్నాడు. అప్పటికి సాహితికి మళ్లీ మూడో నెల. ఆమె ఈ మేడ మెట్లెక్కి వచ్చి, కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "తన్మయీ, నీ దాంట్లో చూడమ్మా. ఏదో ఒకటి తెలిస్తే చాలు" అంది. తన్మయి బుజ్జమ్మ చేతి మీద చర్మం సుతారంగా గీకి పెట్టింది. 'వంశం' అని వచ్చింది. తరవాత శ్రీకర్‌దీ, సాహితిదీ పెట్టి చూస్తే సాహితి వైపు చూపించింది. పుట్టుకతో ఉన్న ఏదో చిన్న మచ్చని పట్టుకుని ఉంటుంది, అంతే. కానీ ఆ రోజు తన్మయి తన నోటితోనే చెప్పింది: "మీ వైపు నుంచే వదినా."

కనకదుర్గ అక్కడే ఉంది. కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆ మాట విని గ్లాసులు బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా కిందికి దిగిపోయింది. పాపం, మరదలి బాధ చూడలేకపోయింది అనుకుంది తన్మయి.

వారం తిరక్కుండా సాహితి గర్భం తీయించుకుంది. ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అప్పుడే చేయించుకుంది. "నా రక్తంలోనే విషముంది, ఇంకొకరికి పంచను" అంది.

తన్మయి మొహం కడుక్కుని వచ్చి యంత్రం ముందు కూర్చుంది. పాత ఒరవడి తుడిచేసింది. మిగతా పెంపకందార్ల దగ్గర తీసుకున్న నిఖార్సయిన వంశాలని 'వంశం' కింద పెట్టింది. పాపిడి కుబుసాన్ని మొట్టమొదటిసారిగా దాని సరైన చోట, 'యాదృచ్ఛికం' కింద పెట్టింది. యంత్రం మళ్లీ దిద్దుకుంటుంటే కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వచ్చింది. దాచి ఉంచిన బుజ్జమ్మ చర్మపు పొరని పెట్టి మీట నొక్కేటప్పుడు, దేవుడా, వంశమనే రానీ అనుకుంది. ఆ పాపపు కోరిక కోరినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

'యాదృచ్ఛికం'.

మళ్లీ నొక్కింది. అదే మాట.

కనకదుర్గ భోజనాల వేళకి వచ్చింది. నుదుట కుంకుమ, చేతిలో ప్రసాదం పొట్లం, బస్సు ప్రయాణంతో చెదిరిన జుట్టు. చెప్పులు విడుస్తూనే, "తిన్నావా? ఏంటే అలా ఉన్నావు, జ్వరమా?" అంది.

"అక్కా, పాపిడి కనింది."

ఎవరైనా ఎన్ని పిల్లలని అడుగుతారు, తల్లి ఎలా ఉందని అడుగుతారు. కనకదుర్గ అవేవీ అడగలేదు. "గీత ఉందా?" అంది. ఆ గొంతులో ఆత్రం విని తన్మయికి మొక్కు ఏమిటో అర్థమైపోయింది.

"అందుకా అన్నవరం వెళ్లావు? పిల్లలకి గీత రావాలనా?"

"ఒక్కదానికైనా..." అని కనకదుర్గ ఆగిపోయింది.

తన్మయి ఆమె చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్లి బల్ల ముందు నిలబెట్టింది. "ఈ వాత చూడు. అమ్మమ్మకి ఉంది, అమ్మకి ఉంది, మనవరాలికి ఉంది. ముగ్గురూ ఒకే చోట, ఒకే పొలుసు మీద కాలారా అక్కా? చెప్పవే! మూడు తరాలూ కలిసి ఒకే పలక మీద పడుకున్నాయా?"

కనకదుర్గ పక్కనున్న పీట లాక్కుని కూర్చుంది. "అరవకే. కింద వీధిలోకి వినిపిస్తుంది" అంది ముందు. తరవాత మెల్లగా చెప్పుకొచ్చింది. పాపిడి తల్లి మామూలు బోవా. అది కడుపుతో ఉన్నప్పుడు కనకదుర్గ ఏదో పెళ్లికని రాజమండ్రి వెళ్లింది. వెనకాల వేడిపలక పాడైపోయింది, అప్పుడే వానాచలీ. తిరిగొచ్చేసరికి పాము బిగుసుకుపోయి ఉంది. పుట్టిన పిల్లలన్నీ చచ్చినవే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదానికీ గీత.

"చూసినవాళ్లంతా ఎక్కడిదండీ ఇంత అందమైంది అంటుంటే, మా దగ్గర ముందునుంచీ ఉన్న రకమేనండీ అనేశాను. నోరు జారానే, అంతే. ఆ తరవాత వెనక్కి తీసుకోలేకపోయాను. రుజువు తెమ్మన్నారు. తెచ్చాను."

"ఊళ్లోవాళ్లని మోసం చేశావు, సరే. నాకెందుకిచ్చావు? నేనేం శనగల కోసం వచ్చానా? 'లేదే తల్లీ, అవి అబద్ధం' అని నా చెవిలో చెప్తే నీ ప్రాణం పోయేదా?"

"పోయేదే!" కనకదుర్గ కళ్లనీళ్లు పెట్టుకుంది. "నన్ను నువ్వు నమ్మినట్టు ఈ లోకంలో ఎవరు నమ్మారే? పదో తరగతి తప్పినదాన్ని. నువ్వేమో ఇంత చదువు చదివొచ్చి, 'అక్కా, నీ పాముతోనే నా యంత్రానికి అక్షరాభ్యాసం' అన్నావు. ఆ మాటకి పొంగిపోయాను. నీ ముందు దొంగలా నిలబడలేకపోయాను."

ఆరు నెలల కిందట, గాలివానకి దాని గూటి గాజు పగిలిందని తన్మయి మగబోవాని తెచ్చి పాపిడి గూట్లో పెడితే, ఇదే అక్క ఇల్లు పైకి లేచిపోయేలా అరిచింది. ఎందుకంత కోపమో అప్పుడు తెలియలేదు. అన్నేళ్లూ దానికి జత కట్టకుండా ఏదో ఒక వంక చెబుతూ వచ్చింది కూడా ఇందుకేనన్నమాట.

"సరే. పాముల సంగతి వదిలెయ్. సాహితి వదిన వచ్చిన రోజున నువ్వు ఇక్కడే ఉన్నావు. విన్నావు. అప్పుడైనా నోరు తెరవచ్చుగా!"

"నాకేం తెలుసే నీ యంత్రం సంగతి?" కనకదుర్గ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "పాము తోలుతో నేర్పింది మనుషుల దగ్గర ఎలా పనిచేస్తుందో నాకు తెలుస్తుందా? తరవాత నువ్వు వేరేవాటితో సరిచేసే ఉంటావనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను."

"ఆసుపత్రికి తోడు వెళ్లింది నువ్వేగా?"

"వెళ్లాను. వరండాలో కూర్చున్నాను. మొగుడూ పెళ్లాలిద్దరూ అప్పటికే తేల్చుకుని వచ్చారు. నేను ఔననలేదు, కాదనలేదు. ఇదిగో, ఈ ప్రసాదం మీద ఒట్టే. ఒక్క మాట కూడా అనలేదు."

తన్మయికి కోపం చల్లారలేదు గానీ, ఎదురుగా ఏడుస్తున్న మనిషి తనని పెంచిన మనిషి. చెప్పాల్సింది చెప్పలేదు, నిజమే. భయపడింది, పరువు చూసుకుంది. అంతటి మౌనం క్షమించరానిదే. అయినా చేతులారా చేసిన పాపం కాదు కదా, ఏనాటికైనా మళ్లీ ఈమె మొహం చూడగలనేమో అనుకుంది.

ఆసుపత్రులన్నిటికీ కబురు పెట్టింది: ఆనవాలు యంత్రాలు ఈ క్షణమే ఆపేయండి, ఇప్పటిదాకా 'వంశం' అని చెప్పిన ప్రతి కుటుంబాన్నీ తిరిగి పిలవండి, తప్పు నాది. కనకదుర్గ చూస్తూ గుండెలు బాదుకుంది.

"నీ పేరు పోతుందే!"

"పోనీ" అంది తన్మయి. "పద, వదిన దగ్గరికి."

"నేనూ వస్తాను. దాని కాళ్లు పట్టుకుంటాను" అంది కనకదుర్గ. ఆటోలో పక్కనే కూర్చుని దారంతా చెల్లెలి చెయ్యి వదల్లేదు. తీరా శ్రీకర్ వాళ్ల మెట్ల దాకా వచ్చాక ఆమెకి అడుగు పడలేదు. "ముందు నువ్వు వెళ్లి చెప్పు. పిలిస్తే నేను వస్తా" అని మెట్టు మీద కూర్చుంది.

శ్రీకర్ ఆఫీసులో ఉన్నాడు. సాహితి బుజ్జమ్మకి పప్పన్నం తినిపిస్తోంది. "అత్తా!" అంటూ బుజ్జమ్మ మెతుకుల చేతులతోనే వచ్చి కాళ్లు చుట్టేసింది.

"ఏంటి తన్మయీ, మొహం అలా పీక్కుపోయింది? కాఫీ పెట్టనా?"

"వద్దు వదినా. కూర్చో."

తన్మయి నాన్చలేదు. పాపిడి పిల్లల సంగతి, వాత సంగతి, మూడు కుబుసాలూ ఒకే పామువన్న సంగతి చెప్పింది. ఉదయం మళ్లీ చూస్తే ఏం వచ్చిందో చెప్పింది. "బుజ్జమ్మది వంశం కాదు వదినా. ఆ డాక్టరు గారు మొదట అన్నదే నిజం."

సాహితికి ముందు సగమే అర్థమైంది. "అంటే నా వల్ల కాదా?" అంది. మళ్లీ, "నా వల్ల కాదా తన్మయీ?" అని బుజ్జమ్మని ఒళ్లోకి లాక్కుని నవ్వేసింది. "మా అమ్మకి చెప్పాలి! పాపం, మా వైపు ఎవరికుందో అని చచ్చిపోయినవాళ్లనందర్నీ తవ్విపోసింది. రెండేళ్లుగా దీన్ని ముట్టుకోవాలంటే నాకెంత భయమేసేదో తెలుసా నీకు?" పిల్ల నెత్తి మీద ముద్దులు పెడుతూనే ఉంది. అలా పెడుతూ పెడుతూ ఆగిపోయింది. ఆమె చెయ్యి తనంతట తానే కడుపు మీదికి వెళ్లింది.

"అయితే ఆ బిడ్డ?"

తన్మయి తల దించుకుంది. సాహితే మళ్లీ అడిగింది.

"ఆ కుబుసాలు అబద్ధమని అప్పుడు ఎవరికైనా తెలుసా?"

తెలియదు అంటే ఇక్కడితో అయిపోతుంది. యంత్రం తప్పు, నా తప్పు అంటే చాలు. తన్మయి నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. కానీ ఇంకో అబద్ధం ఈ మనిషికి చెప్పడానికి ఆమెకి మనసొప్పలేదు.

"అక్కకి తెలుసు వదినా. భయపడి ఊరుకుంది. ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదా?" సాహితి తల ఎత్తింది. బుజ్జమ్మని ఒళ్లోంచి దింపి, ఆడుకోమని లోపలికి పంపించింది. తరవాత మెల్లగా, ఏడుపు లేని గొంతుతో చెప్పింది.

"ఆ రోజు నేను లేచి వచ్చేశాను తన్మయీ. ఆసుపత్రి గౌను వేశారు, సూది కూడా పొడిచారు. ఉన్నట్టుండి నాకు వద్దనిపించింది. ఎలా పుడితే అలా పెంచుకుంటాను, బుజ్జమ్మని పెంచుకోవట్లేదా అనిపించింది. ఆ గౌనుతోనే వరండాలోకి వచ్చేశాను. మీ అన్నయ్య మందుల కోసం కిందికి వెళ్లారు. మీ అక్క, వదినగారొక్కరే ఉన్నారు. ఆవిడ చేతులు పట్టుకుని, నన్ను ఇంటికి తీసుకెళ్లిపోండి అని ఏడ్చాను."

సాహితి కింద రాలిన మెతుకులు ఒక్కొక్కటే ఏరుతోంది.

"నా కళ్లు తుడిచారు. 'పిచ్చిపిల్లా, మా తన్మయి యంత్రం ఎప్పుడైనా తప్పు చెప్పిందా? ఇంకో పసిదాన్ని కూడా బాధపెడతావా?' అన్నారు. నా భుజం చుట్టూ చెయ్యి వేసి, తనే లోపలికి నడిపించి, నన్ను నర్సుకి అప్పజెప్పారు. తలుపు మూసేదాకా అక్కడే నిలబడి, భయపడకు, నేనున్నాగా అంటూనే ఉన్నారు."

లోపలి గదిలో బుజ్జమ్మ బొమ్మతో ఏదో మాట్లాడుకుంటోంది. తన్మయి లేచి వెళ్లి వీధి తలుపు తీసింది. మెట్టు మీద కూర్చున్న కనకదుర్గ చప్పున లేచి నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, ప్రసాదం పొట్లం ఇంకా చేతిలోనే ఉంది.

"చెప్పావా? ఏమందే? నన్ను రమ్మందా?"

తన్మయి ఆ మొహం కేసి ఒకసారి చూసింది. అడగాల్సింది ఏమీ మిగల్లేదు. తలుపు మూసి లోపల గడియ పెట్టి, వచ్చి వదిన పక్కన కూర్చుంది.